ప్లేటులపై నిలిచిన పరంపర

త్యాగరాజస్వామి కీర్తన యొకటి నేడు మన చెవిని బడుచున్నదన్నచో, అది వాలాజాపేటవారి మూలముననో, ఉమయాల్పురమువారి మూలముననో, తిల్లస్థానమువారి మూలముననో, గురువు నోట శిష్యుడు విని, ఆ శిష్యుని నోట మఱియొక శిష్యుడు విని, తరతరములుగా దిగివచ్చినదే గాని కేవలము కాగితమునుండి లేచివచ్చినది కాదు. ఐరోపాలో బరోక్ అని వ్యవహరింపబడు సంగీతమునకు, అనగా ఇంచుమించు 1600 మొదలు 1750 వఱకు ఇటలీ, జర్మనీ, ఫ్రాన్సు, ఇంగ్లండు దేశములయందు వర్ధిల్లిన సంగీతమునకు, ఈ భాగ్యము లభింపలేదు. 1685వ సంవత్సర మొక్కదానియందే జన్మించిన బాఖ్, హాండెల్, డొమెనికో స్కార్లట్టి యను మువ్వురు మహావిద్వాంసులును గతించిన పిమ్మట, ఏబదేండ్లు తిరుగునప్పటికి వారి వాద్యములు మూలబడినవి. వారు స్వరములను అలంకరించిన తీరు మఱపున బడినది. వ్రాతలు మాత్రము మిగిలినవి. ఆ వ్రాతలైనను సంపూర్ణములు కావు. ఆ కాలపు రచయిత మంద్రస్వరములను మాత్రము వ్రాసి, వానికి అంకెలు తగిలించి విడిచెడివాడు. ఆ అంకెలను చూచి పై స్వరములను అప్పటికప్పుడు కల్పించి వాయించుట వాద్యకుని మనోధర్మమునకు చెందిన పని. మనోధర్మమును నేర్పు గురువులు పోయి అంకెలు మాత్రము మిగిలినప్పుడు ఆ పుటలను చదువవచ్చును గాని వినిపించుట దుర్ఘటము.

ఇట్లు పరంపర సడలిన సంగీతమునకు ఇరువదవ శతాబ్దమున గురుస్థానము వహించినది గ్రామఫోను ప్లేటు. బాఖ్‌ను ఎట్లు వాయింపవలెనో తెలియగోరిన విద్యార్థికి అడుగుటకు బాఖ్ శిష్యుడు లేడు. లాండోవ్‌స్కా ప్లేటు ఉన్నది, కజాల్స్ ప్లేటు ఉన్నది. కావున ఈ సంగీతమున ఏ ప్లేటు మేలైనదను ప్రశ్న అంగడిలో వస్తువు నెన్నుకొనువాని ప్రశ్న వంటిది కాదు. ఏ గురువువద్ద కూర్చుండవలెనను ప్రశ్న యది. దానికి సమాధానము చెప్పవలెనన్నచో ఆ ప్లేటుల చరిత్రమునే చెప్పవలసియున్నది.

పరంపర సమూలముగా తెగినదనుట మాత్రము న్యాయము కాదు. బాఖ్ 1723 మొదలు కడవఱకు కొలువు చేసిన లైప్‌జిగ్ నగరమున సెయింట్ థామస్ పాఠశాల బాలురు ఆయన మోటెట్లను, అనగా బృందముగా పాడు భక్తిగానములను, కొన్నిటిని పాడుచునే యుండిరి. 1789లో మోజార్ట్ ఆ యూరికి వచ్చి వానిలో నొకదానిని విని విస్మితుడయ్యెను. 1829 మార్చి 11వ తేదీన ఇరువదేండ్ల మెండెల్సన్ బెర్లినులో క్రీస్తు శ్రమలను గానము చేయు సెయింట్ మాథ్యూ పాషన్‌ను, కొన్ని భాగములను తొలగించియే యైనను, మఱల లోకమునకు వినిపించెను. 1850లో బాఖ్ సంఘము వెలసి, ఆయన కృతులన్నిటిని అచ్చువేయుట కారంభించి, ఆ పని 1899 నాటికి ముగించెను. ఆ మెండెల్సన్ 1843లో పండ్రెండేండ్ల హంగేరీ బాలు నొకనిని చేరదీసెను. జోసఫ్ యోయాఖిమ్ అను నా బాలుడు వయొలిన్ విద్వాంసులలో అగ్రగణ్యుడై, డెబ్బదిరెండవ యేట, 1903లో, బెర్లినులో గ్రామఫోను బూరకు ఎదురుగా నిలిచి బాఖ్ ఏకాకి వయొలిన్‌కొఱకు వ్రాసిన కృతులనుండి రెండు భాగములను వాయించెను. ధ్వని సన్నము, గరగర యధికము. అయినను స్వరమును అనవసరముగా ఊపక, తిన్నగా నిలిపి, అవసరమైన తావున మాత్రమే కదలించు ఆ కమాను వెనుక మెండెల్సన్ నాటి అభిరుచి నిలిచియున్నది. బాఖ్ విషయమున గురువుకును ప్లేటుకును ముడిపడిన తావు నాకు తెలిసినంతలో ఇదియే.

యంత్రముచే సంగీతమును పట్టు ప్రయత్నము అంతకు పూర్వమే హాండెల్‌ను తాకినది. ఎడిసన్ తన యంత్రమును 1877లో కనిపెట్టగా, పదునొకండేండ్ల పిమ్మట, 1888 జూన్ 29వ తేదీన, లండను క్రిస్టల్ పాలెస్‌లో హాండెల్ ఉత్సవము జరుగుచుండెను. వేలకొలది గాయకులు ఒక్కుమ్మడి పాడుచుండగా, ఎడిసన్ ప్రతినిధి కర్నల్ గూరాడ్ పత్రికలవారి గ్యాలరీలో యంత్రమును నిలిపి, 'ఇజ్రాయెల్ ఇన్ ఈజిప్ట్' అను కృతిని మైనపు గొట్టములపై పట్టించెను. నేటికిని మిగిలియున్న సంగీతముద్రణలలో మిక్కిలి పాతవానిలో ఇది యొకటి. వినుటకు కూర్చున్నవారికి మొదట చెవిని బడునది రాపిడి మాత్రమే. కొంతసేపు ఓపిక పట్టినచో ఆ రాపిడి వెనుక, దూరమున ఏరు పొంగుచున్నట్లు, ఒక మహాసమూహపు కంఠము లేచి పడుచుండుట తెలియును. మాటలు తెలియవు, లయ తెలియును. హాండెల్ నాటి గాయకబృందము కొలదిమందితో నుండెడిది గనుక ఆ వేలమంది గానము విక్టోరియా రాణి కాలపు హాండెలే గాని హాండెల్ కాలపు హాండెల్ కాదు. ప్రతి తరమును తన బాఖ్‌ను, తన హాండెల్‌ను తానే కల్పించుకొన్నదనుటకు ఆ మైనపు గొట్టమే తొలి సాక్ష్యము.

మైనపు గొట్టము పోయి ప్లేటు వచ్చినది. ఆ నల్లని ప్లేటుకు ప్రాణము లక్క. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై లక్కపురుగులు స్రవించు బంకను మన దేశమున, ముఖ్యముగా ఛోటానాగపుర ప్రాంతపు అడవులలో, కొండజాతులవారు గోకి తెచ్చెడివారు. అది శుద్ధియై, షెల్లాక్ అను పేర ఓడలెక్కి, సీమలో రాతిపొడితోను మసితోను కలిసి, వేడి అచ్చులలో నొత్తబడి ప్లేటగుచుండెను. ఆ లక్కప్లేటుల కాలమున ఐరోపావారి యిండ్లలో మ్రోగిన బాఖ్ ప్లేటులు చాలవఱకు మన యడవుల లక్కపై మ్రోగినవే. 1942లో యుద్ధము మూలమున లక్క రాకపోక లిరుకునబడగా అమెరికా ప్రభుత్వము ప్లేటులకు లక్క వాడుకను తగ్గింపవలసివచ్చెను.

పండ్రెండంగుళముల ప్లేటు నిమిషమునకు 78 చుట్లు తిరిగినచో ఒక పక్క నాలుగు నిమిషములకు మించి అంతగా పట్టదు. ఈ నాలుగు నిమిషముల కట్టుబాటు మన గాయకులును ఎఱిగినదే. రాగాలాపనను రెండు క్షణములలో ముగించి పల్లవి నందుకొనుట వారికిని తప్పలేదు. దాదాపు మూడు గంటలు నడుచు మాథ్యూ పాషన్‌ను ఈ కొలతతో ముక్కలు చేసినచో నలువది పక్కలకు తక్కువ కాదు. అంత వ్యయమునకు ఓర్చి, అంత బరువును మోసి, నాలుగు నిమిషముల కొకమాఱు లేచి ముల్లును మార్చువా డెవడు? కంపెనీలవారికి లాభము తోచలేదు. ఆర్థికమాంద్యపు దినములలో, 1931లో, ఎచ్.ఎం.వి.లో పనిచేయు వాల్టర్ లెగ్ అను యువకు డొక ఉపాయము కనుగొనెను. ముందుగా చందా కట్టువారిని సమకూర్చి, వారి సంఖ్య చాలినంత యైనప్పుడే పాట పట్టుటయు, ప్లేటు వేయుటయు. మొదట ఈ పద్ధతి హ్యూగో వుల్ఫ్ గేయములకొఱకు ఏర్పడినది. తరువాత బాఖ్‌కును ప్రాపయ్యెను. మన దేశమున గ్రంథమాలలు చందాదారుల నాశ్రయించి వెలసినట్లే, ఆంగ్లదేశమున బాఖ్ ప్రీతిగల గృహస్థులు ముందు సొమ్ము కట్టుటచేతనే ఆయన మహాకృతులు కొన్ని తొలిసారి ప్లేటుల కెక్కినవి.

వానిలో శిరోభూషణమనదగినవి పాబ్లో కజాల్స్ వాయించిన చెల్లో స్యూట్లు, అనగా ఏకాకి చెల్లోకొఱకు కూర్చిన నృత్యభాగముల మాలికలు. బాఖ్ స్వహస్తముతో వ్రాసిన ప్రతి పోయినది. ఆయన భార్య ఆన్నా మగ్దలేనా చేసిన నకలు మిగిలినది. అచ్చయిన పిమ్మట సైతము ఆ ఆరు కృతులను చెల్లోవారు చేతి సాధకమునకు వాడుకొనుచు, సభలో ఏదో యొక భాగమును మాత్రము వాయించి విడుచుచుండిరి. 1890లో, పదుమూడేండ్ల ప్రాయమున, కజాల్స్ తండ్రి వెంట బార్సిలోనా రేవు చెంతనున్న పాతపుస్తకముల అంగడికి వెళ్లి, ఒక మూల ఆ సంపుటమును చూచెను. ఇంటికి గొనిపోయి నాటినుండి సాధకమునకు మొదలుపెట్టి, ఇంచుమించు పండ్రెండేండ్లు గడచువఱకు సభలో వాయించుటకు ధైర్యము చేయలేదని ఆయనయే చెప్పుకొనెను. వాయించిన నాడు భాగముగా గాక స్యూట్ నంతను వాయించెను. ప్లేటులకు మాత్రము ఆయన చిరకాలము అంగీకరింపలేదు. అరువదేండ్లు దాటవచ్చుచుండగా, 1936 నవంబరులో, లండను ఆబీ రోడ్డు స్టూడియోలో రెండవ, మూడవ స్యూట్లను వాయించెను. అప్పటికి స్పెయినులో అంతర్యుద్ధము రగులుకొని నాలుగు మాసము లయ్యెను. 1938లో పారిసున మఱి రెండు. 1939 జూనులో, అనగా తన బార్సిలోనా ఫ్రాంకో సైన్యము వశమైన అయిదు మాసములలోపున, తుది రెండు.

ఆ తుది రెంటిలోనిది అయిదవ స్యూట్. అందు సరబాంద్ అను విలంబనృత్యభాగము కలదు. బాఖ్ రచనలలో అంతకంటె నిరాడంబరమైనది అరుదు: రెండు తంత్రు లొక్కసారి మ్రోగుట లేదు, మంద్రమున ఆసరా లేదు, ఒంటిస్వరములు మాత్రము ఒకదాని వెనుక నొకటి క్రిందికి దిగి, అడుగంటిన తావునుండి మఱల పైకి చేయి చాచును. కజాల్స్ వాయించునప్పుడు కమాను తీగపై మొదట ఆనుటయు, ఎడమచేతి వ్రేళ్లు పలకపై తాకిన చప్పుడును, నడుమ ఊపిరియు ప్లేటులో వినవచ్చును. స్వరము కొన్నితావుల మనము ఎదురుచూచిన దానికంటె వెండ్రుకవాసి హెచ్చుగనో తగ్గుగనో నిలుచును. అది పొరపాటు కాదు, ఆ స్వరము పోబోవు దిక్కును చెవికి ముందే తెలుపు నేర్పు. మన విద్వాంసులు రాగచ్ఛాయకొఱకు స్వరస్థానమును సూక్ష్మముగా కదలించుట ఎఱిగినవారికి ఈ మర్మము వెంటనే బోధపడును. తరువాతి చెల్లోవారు ఈ స్యూట్లను శుభ్రతరముగా వాయించిరి, ఆ కాలపు నరపు తంత్రులపై వాయించిరి, కజాల్స్ వలె అంత నెమ్మదిగా వాయింపరాదనియు నిరూపించిరి. వారందఱును ఈ సంపుటమును తెఱచుటకు కారణము మాత్రము ఆయన ప్లేటులే.

కజాల్స్ చెల్లోకు చేసిన యుపకారమును హార్ప్సికార్డుకు చేసినది వాండా లాండోవ్‌స్కా. పియానోలో సుత్తి వచ్చి తీగను కొట్టును. హార్ప్సికార్డులో ఈకముక్క వచ్చి తీగను మీటును. కొట్టినది గట్టిగనో మెల్లగనో కొట్టవచ్చును గాని మీటినది అంతగా మార్పులేక ఒక్క తీరున మ్రోగును. ఈ కారణముననే పందొమ్మిదవ శతాబ్దము ఆ వాద్యమును త్రోసిపుచ్చినది. పోలండు దేశపు వార్సా నగరమున 1879లో పుట్టిన ఈ విదుషి పారిసు చేరి, ప్లెయెల్ కంపెనీచేత ఇనుపచట్రముగల పెద్ద హార్ప్సికార్డును చేయించి, పారిసు చెంత సాంల్యూ గ్రామమున పాఠశాల నెలకొల్పి, 1933లో గోల్డ్‌బెర్గ్ వేరియేషన్లను సంపూర్ణముగా సభలో వాయించి, ఆ యేడే ప్లేటులకును వాయించెను. 1741లో అచ్చయిన ఈ కృతియందు ఒక ఆరియాయు, దాని మంద్రస్వరముల పునాదిపై ముప్పది రూపాంతరములును కలవు. ఆమె వాద్యము బాఖ్ ఎఱిగిన హార్ప్సికార్డు కాదు. దాని బరువును ఘోషయు పియానోయుగమునకు చెందినవి. ఆ దోషమును చూపి ఆమెను తక్కువ చేయుట తరువాతివారికి అలవాటయ్యెను. నాకు ఆ మాట రుచింపదు. ఆమె వ్రేళ్లలో నాట్యముండెను. ఏ స్వరమునకు ముందు రవంత ఆగవలెనో ఆమె యెఱుగును. సమబలముతో మ్రోగు వాద్యముచే హెచ్చుతగ్గుల భ్రాంతిని పుట్టించుటకు ఆ రవంత విరామమే యుపాయము. నేటి హార్ప్సికార్డు వారందఱును, ఆమె నొప్పినవారును ఒప్పనివారును, ఆ యుపాయముననే జీవించుచున్నారు.

1940 మార్చిలో పారిసులో ఆమె స్కార్లట్టి సొనాటాలను ప్లేటుల కిచ్చుచుండగా బయట విమానములను కొట్టు ఫిరంగులు ప్రేలినవి. ఆ ప్రేలుడు ప్లేటులో పడినది. ఆమె చేయి తొట్రుపడలేదు. సొనాటా లయ తప్పక ముగిసినది. కొద్ది మాసములకు జర్మను సేనలు రాగా ఆమె సాంల్యూ విడిచి పోయెను. గ్రంథములు, వాద్యములు దోపిడియైనవి. 1941 డిసెంబరు 7వ తేదీన, జపాను పెర్ల్ హార్బరుపై బాంబులు వేసిన నాడు, ఆమె న్యూయార్కు రేవున దిగెను. అరువదియేండ్లు దాటిన ఆ విదుషి అక్కడ గోల్డ్‌బెర్గ్‌ను మఱల ప్లేటుల కిచ్చి, అటుపై 1949 మొదలు 1954 వఱకు బాఖ్ నలువదియెనిమిది ప్రెల్యూడు-ఫ్యూగులను సంపూర్తిగా వినిపించెను.

ఆ ముప్పదుల దశకమున నిధులవంటి ప్లేటులు మఱికొన్ని వచ్చినవి. ఆ నలువదియెనిమిదింటిని ఎడ్విన్ ఫిషర్ 1933 మొదలు 1936 వఱకు పియానోపై తొలిసారి సంపూర్ణముగా నిచ్చెను. సుత్తి వాద్యమైనను ఆ వ్రేళ్లలోని మార్దవము నేటికిని శ్లాఘ్యము. ఇరువదేండ్లైన నిండని మెనుహిన్ ఏకాకి వయొలిన్ సొనాటాలను, పార్టిటాలను 1934, 1936 సంవత్సరముల నడుమ మొట్టమొదట సంపూర్ణముగా వాయించెను. ఈ మెనుహినే 1952లో మన దేశమునకు వచ్చి, ద్వారం వేంకటస్వామినాయుడుగారి ఫిడేలు విని ముగ్ధుడయ్యెనని ప్రసిద్ధి. 1939 ఏప్రిల్ 2వ తేదీన ఆమ్‌స్టర్‌డామ్ నగరమున మెంగెల్‌బెర్గ్ నడపిన మాథ్యూ పాషన్ ఆనాడే ఫిల్ముపై పట్టబడి మనకు దక్కినది. నడక మిక్కిలి సాగుదల. బాఖ్ కాలపువారు ఒప్పుకొనరేమో. యుద్ధము ముంచుకొనివచ్చుచున్న యొక నగరము ప్రార్థించుచుండగా వినగోరువారు మాత్రము దానిని విడువరాదు.

1948లో కొలంబియా కంపెనీ లాంగ్ ప్లే ప్లేటును తెచ్చుటతో నాలుగు నిమిషముల సంకెల తెగినది. లక్కకు బదులు వినైలు వచ్చినది. ఒక పక్క ఇరువది నిమిషములకు పైగా నడచినది. ఈ మార్పువలన అధికముగా లాభించినవాడు వివాల్డి. వెనిస్ అనాథబాలికలకు వయొలిన్ నేర్పి, 1741లో వియన్నాలో దారిద్ర్యమున మరణించిన ఈ రచయితను లోకము దాదాపుగా మఱచియుండెను. 1926లో ఇటలీలో పియడ్‌మాంట్ ప్రాంతపు క్రైస్తవ పాఠశాల యొకటి తన పాత గ్రంథములను అమ్మదలచి వెల కట్టుమని ట్యూరిన్ గ్రంథాలయము నడుగగా, పరిశీలించిన ఆచార్య జెంతీలి వానిలో వివాల్డి వ్రాతప్రతులను కనుగొనెను. ఫోవా, జోర్దానో అను ఇద్దఱు గృహస్థులు, ఇరువురును పసిబిడ్డలను కోల్పోయినవారు, ఆ బిడ్డల పేర ధనమిచ్చి, ఆ ప్రతులను, జెనోవాలో దొరకిన తక్కిన సగమును గ్రంథాలయమునకు సమర్పించిరి. అట్లు లభించిన గ్లోరియా మొదలగునవి 1939లో సియెనా నగరమున వినిపింపబడినవి. 'నాలుగు ఋతువులు' మాత్రము 1725లోనే అచ్చయినవి. వానికి కావలసినది దాతల దయ కాదు, ప్లేటు పొడవే. 1948 జనవరి మొదటి తేదీనుండి అమెరికా వాద్యకుల సంఘము ప్లేటులకు వాయించుట నిషేధించుచున్నదని తెలిసి, లూయీ కౌఫ్‌మన్ అను వయొలిన్ విద్వాంసుడు 1947 డిసెంబరు చివరి రాత్రులలో కార్నెగీ హాలున ఈ కృతులను వాయించి ముగించెను. 1955లో ఫెలిక్స్ ఆయో ప్రధానుడుగా ఇటలీ యువకుల 'ఈ మూజిచీ' అను బృందము ఇచ్చిన ప్లేటు, దాని వెనుక 1959లో వారే స్టీరియోలో ఇచ్చిన ప్లేటు, వివాల్డిని ఇంటింటి పేరుగా చేసినవి. నేడు ఆ ఋతువులు టెలిఫోనులో సైతము మ్రోగుచున్నవి. 1948కి పూర్వము సంగీతవిద్వాంసులలోనే పెక్కుమంది వానిని వినియెఱుగరు.

యుద్ధమున శిథిలమైన జర్మనీలో 1947లో డాయ్‌చె గ్రామఫోన్ కంపెనీ ఆర్కీవ్ అను శాఖను ప్రాచీనసంగీతమునకే ప్రత్యేకించెను. ఏ స్థలమున, ఏ తేదీన, ఏ వాద్యముపై వాయింపబడినదో తెలుపు చీటి ప్రతి ప్లేటుతోను ఉండెడిది. శాసనపరిశోధకుని నిష్ఠ యది. హెల్ముట్ వాల్ఖా అను అంధుడు ఆ శాఖకు తొలి స్తంభము. యౌవనారంభముననే చూపు కోల్పోయిన ఆయనకు ఇంటివారు ఒక్కొక్క స్వరశ్రేణిని వేఱువేఱుగా వాయించి వినిపింపగా, వానిని మనస్సున కూర్చుకొని, బాఖ్ ఆర్గన్ కృతుల నన్నిటిని కంఠస్థము చేసెను. ఆయన వాయించునప్పుడు, ఒకే పంక్తిని పలు కంఠములు వెంటవెంట అందుకొను ఫ్యూగులోని నాలుగు కంఠములు నాలుగు మనుష్యులవలె విడివిడిగా వినబడుటకు కారణము వేఱే వెదకనక్కఱలేదు. హాలండులో ఆల్క్‌మార్ చర్చి ఆర్గనుపై ఆయన వాయించిన 'ఆర్ట్ ఆఫ్ ఫ్యూగ్' నేటికిని నా గౌరవమున ప్రథమస్థానమున నున్నది.

1955 జూనులో గ్లెన్ గూల్డ్ అను ఇరువదిరెండేండ్ల కెనడా యువకుడు, తండ్రి చేసియిచ్చిన పొట్టికుర్చీపై, పియానో పలకకు గడ్డము తగులునట్లు కూర్చుండి, పూర్వము చర్చిగా నుండిన న్యూయార్కు స్టూడియోలో గోల్డ్‌బెర్గ్ వేరియేషన్లను మెఱుపువేగమున వాయించెను. ఆవృత్తులు విడిచిపెట్టి నలువది నిమిషములలోపుననే ముగించెను. నడుమ తాను కూనిరాగము తీయుచుండుట ప్లేటులో వినబడును. లాండోవ్‌స్కా యిచ్చిన కృతి పండితులకు చేరినది. గూల్డ్ యిచ్చినది విద్యార్థుల గదులకు చేరినది. 1981లో అదే స్టూడియోలో ఆయన మఱల దానినే వాయించెను. ఈసారి ఏబదియొక్క నిమిషములు. ఆరియా నడక ఎంత నెమ్మదించినదనగా, స్వరమునకును స్వరమునకును నడుమ వాయించువాడు ఆలోచించుచున్నాడని తోచును. 1982 సెప్టెంబరులో ఆ ప్లేటు వెలువడినది. అక్టోబరు 4వ తేదీన గూల్డ్ మరణించెను. రెంటిలో ఏది మేలని యడిగినచో నేను రెండవదానినే చెప్పుదును. మొదటిదానియందు సామర్థ్యము ఆశ్చర్యము గొలుపును, రెండవదానియందు ముప్పది రూపాంతరములకును ఒకే నాడి కొట్టుకొనుచున్నది.

ఇంతలో మూలమునకే పోవలెనను వారు బయలుదేరిరి. వియన్నా సింఫనీలో చెల్లో వాయించు నికోలస్ హార్నన్‌కోర్ట్ 1953లో భార్య ఆలిస్‌తోను మిత్రులతోను కూడి, మూలబడిన పాత వాద్యములను సేకరించి, నాలుగేండ్లు ఇంట సాధన చేసి గాని 1957 వఱకు సభకెక్కలేదు. నరపు తంత్రులు, ఇప్పటి కమాను కంటె తేలికయైన కమాను, రంధ్రములే గాని మీటలంతగా లేని వేణువులు, నేటికంటె ఇంచుమించు అరస్వరము తక్కువ శ్రుతి, ఇవి వారి యాయుధములు. ఆమ్‌స్టర్‌డామ్‌లో గుస్టావ్ లియోన్‌హార్ట్ హార్ప్సికార్డుకు ఇదే పని చేసెను. ఇనుపచట్రపు ప్లెయెల్‌ను విడిచి, 1745 నాటి డుల్కెన్ వాద్యమును అనుసరించి బ్రేమెన్‌లో స్కోవ్రోనెక్ చెక్కతో చేసిన హార్ప్సికార్డును చేపట్టెను. 1971లో వీరిద్దఱును పంచుకొని బాఖ్ మతకాంటాటాలను, అనగా చర్చి ఆరాధనకొఱకు వ్రాసిన గానకృతులను, మిగిలియున్న ఇన్నూటికి చేరువైనవానిని, ప్లేటుల కిచ్చుట కారంభించి పదునెనిమిదేండ్లకు పైగా శ్రమించి ముగించిరి. ప్రతి పెట్టెలోను స్వరపత్రముల ముద్రణమును ఉంచిరి. ఇతరులు స్త్రీకంఠములచే పాడించు తావుల చాలవఱకు బాలురచే పాడించిరి. కొన్ని బాలకంఠములు శ్రుతి తప్పినవి, పాత కొమ్ములు కొన్నితావుల బెసకినవి, విమర్శకులు దెప్పిరి. ఆ బెసకులలోనే నాకు పరిశోధకుని సాహసము వినబడుచున్నది. త్రోవ లేనితావున త్రోవ వేయువానికి కాలు జాఱుట సహజము.

హాండెల్ మెస్సయ్య కథయు ఇదే దారి. 1742 ఏప్రిల్ 13వ తేదీన డబ్లినులో తొలుత పాడబడిన ఆ కృతిని 1959లో సర్ తామస్ బీచమ్, గూసెన్స్ చేత తాళములు, పెద్దకొమ్ములు చేర్పించి, మహావైభవముగా ప్లేటుల కిచ్చెను. ఇరువదియేండ్ల పిమ్మట క్రిస్టఫర్ హాగ్‌వుడ్, హాండెల్ లండను అనాథశిశుశాల సహాయార్థము 1754లో పాడించిన పాఠమును గ్రహించి, చిన్న బృందముతో, ఆక్స్‌ఫర్డ్ చర్చి బాలురతో, ఎమ్మా కర్క్‌బీ తేటకంఠముతో పాడించెను. రెంటిని వరుసగా విన్నవారికి ఒకే కృతి యని నమ్ముట కష్టము. బీచమ్ దానిలో ఉత్సవమున్నది, హాగ్‌వుడ్ దానిలో మాట స్పష్టముగా వినబడుచున్నది. భక్తితో వినగోరువారికి నేను రెండవదానినే సూచింతును.

లియోన్‌హార్ట్ వద్ద టోన్ కోప్‌మన్ చదివెను. కోప్‌మన్ వద్ద జపాను వాడైన మసాకి సుజుకి చదివెను. గురుశిష్యపరంపర మఱల కట్టుకొనినదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలయును? కోబే నగరమును భూకంపము కూల్చిన 1995వ సంవత్సరముననే సుజుకి ఆ యూరి ప్రార్థనామందిరమున కాంటాటాల నారంభించి 2013లో ముగించెను. జర్మను భాషను పుట్టుకతో ఎఱుగని కంఠములు ఆ భాషాపదములను అంత శ్రద్ధతో ఉచ్చరించుట విన్నప్పుడు, తెలుగు రాని తమిళ విద్వాంసులు త్యాగయ్య పదములను కాపాడిన తీరు నాకు జ్ఞప్తికి వచ్చును. స్కార్లట్టి విషయమున అమెరికావాడైన స్కాట్ రాస్ 1984, 1985 సంవత్సరములలో 555 సొనాటాలను ఒక్కడే ప్లేటుల కిచ్చెను; నాలుగేండ్లకే, నడివయసైనను దాటకమునుపే, పరమపదించెను. ఎవరును ఒక్కబిగిని వినదగినవి కావవి; దినమునకు రెండు చొప్పున వినుట మంచిది.

క్రొత్తగా ఈ సంగీతమును వినగోరువారికి నా మనవి యిది. పాత ధ్వని యని భయపడవలదు. నూతనమైనదే శుద్ధమైనదని నమ్మవలదు. గోల్డ్‌బెర్గ్ ఆరియాను మొదట లాండోవ్‌స్కా వాయించినదానిని, పిదప లియోన్‌హార్ట్ వాయించినదానిని, ఆపైని గూల్డ్ రెండవమాఱు వాయించినదానిని వినుడు. కాంటాటాలను సుజుకితో మొదలుపెట్టి, చెవి కుదిరిన తరువాత హార్నన్‌కోర్ట్ వద్దకు వెనుకకు పొండు. వివాల్డికి 'ఈ మూజిచీ' బృందము చాలును. ఆర్గనునకు వాల్ఖాయే. ఒక్కటే యెన్నుకొనుమని నిర్బంధించినచో నేను కజాల్స్ అయిదవ స్యూట్‌ను ఎన్నుకొందును. 1939 నాటి ఆ ప్లేటు సి.డి.గాను, ఇతర రూపములలోను నేటికిని దొరకుచున్నది.